తేనెటీగల తెగులు

గ్రామములందలి పేదలకు తేనెటీగల పెట్టెలను పంచు కార్యక్రమము కొన్ని సంవత్సరములుగా దేశమంతట విస్తరించుచున్నది. ఖాదీ గ్రామోద్యోగ కమీషనువారు 2017లో ఇందుకై ప్రత్యేకోద్యమము నారంభించిరి. 2020లో కేంద్రప్రభుత్వమువారు తేనెటీగల పెంపకమునకు 500 కోట్ల రూపాయలు కేటాయించినట్లు ప్రకటించిరి. సెంటు భూమి లేని కుటుంబమునకు సయితము నాలుగు రాళ్లు తెచ్చిపెట్టు వృత్తి యిది. పుప్పొడిని పువ్వునుండి పువ్వునకు చేర్చి, పొరుగు రైతు పొలములో ప్రొద్దుతిరుగుడు గింజకట్టుటకును, దోసపాదు కాయపట్టుటకును తోడ్పడు వృత్తియు నిదియే. ఈ యుద్యమమును మేము మనసార నాహ్వానించుచున్నాము. కాని పెట్టె నిచ్చు చేతితోపాటు, ఆ పెట్టెలోని ఈగ ఆరోగ్యముగా నున్నదా లేదా యని చూచు కన్ను కూడ నుండవలెను గదా! ఎన్ని పెట్టెలు పంచితిమను లెక్క ప్రతి యేట ప్రకటింపబడుచున్నది. ఎన్ని పెట్టెలలోని ఈగలను పరీక్షించి పంచితిమను లెక్కను కూడ ప్రజలు కోరవలసిన సమయము వచ్చినది.

తేనెటీగలకు శత్రువులు పెక్కు. పట్టును తొలుచు మైనపు పురుగు, ఒంటికి పట్టి పీల్చు వరోవా, ద్వారమువద్ద పొంచియుండు కందిరీగ - వీనిని పెంపకందారు కన్నులార చూడగలడు. చూచి ఏదో యొక యుపాయము చేయగలడు. మేమిప్పుడు ప్రస్తావించు శత్రువు కంటికి కనబడునది కాదు. దానికి నోసెమా యని పేరు. పూర్వము దీనిని ఏకకణ జంతువులలో చేర్చిరి; ఇప్పటి శాస్త్రజ్ఞులు శిలీంధ్రములకు, అనగా బూజుజాతికి, చెందిన పరాన్నజీవిగా నెంచుచున్నారు. 2020లో కొందఱు దీని వంశనామమును వైరిమార్ఫా యని కూడ మార్చిరి. పేరు మారినంతమాత్రమున ఈగ కడుపునొప్పి తీరలేదు గనుక మేము పాత పేరుతోనే వ్యవహరింతుము.

దీని బీజము పొడవు మిల్లీమీటరులో రెండువందలవ వంతు. సూక్ష్మదర్శినిలో చూచినచో బియ్యపుగింజవలె నుండును. నీటితోనో, తిండితోనో, మలినమైన పట్టును శుభ్రపఱచుచుండగనో ఈగ దానిని మ్రింగును. కడుపులో చేరిన వెంటనే, బీజములో చుట్ట చుట్టుకొనియున్న సన్నని గొట్టమొకటి బాణమువలె వెలికి దూసికొనివచ్చి ప్రేగుగోడలోని కణమును గ్రుచ్చును. బీజములోని సారమంతయు ఆ గొట్టముగుండ కణములో ప్రవేశించి, దాని ఆహారమునే తిని, అచ్చటనే పెక్కై పెరుగును. కొన్ని దినములకు కణము పగిలి క్రొత్త బీజములు బయటపడును. వానిలో కొన్ని ప్రక్క కణములను పట్టును. కొన్ని మలముతో వెలువడి మఱియొక ఈగ నోటికొఱకు వేచియుండును. తెగులు ముదిరిన యొక్క ఈగ కడుపులో ఈ బీజములు కోట్లకొలది యుండును.

తిన్న తిండి అట్టి ఈగ కొంటబట్టదు. ఎంత త్రాగినను ఆకలి తీరదు. పిల్లలకు పాలుపోయుటకై తలలో నుండు గ్రంథులు ఎండిపోవును. సామాన్యముగా కూలి ఈగ తన వయస్సులో మొదటి దినములు గూటిలో పిల్లలను పెంచి, తరువాతనే మేతకై బయటికి పోవును. తెగులుపడిన ఈగ ఈ వరుస తప్పి, పసితనముననే బయటికి పోవ నారంభించి, త్రోవలోనే పడి చచ్చును. లోపల పిల్లలను చూచువారు తగ్గుదురు. బయట తేనె తెచ్చువారు బ్రదుకరు. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈగలు బయటనే చచ్చును గనుక పెట్టెముందు శవములు కుప్పపడవు. చలిదేశములలో పూర్వము ప్రసిద్ధమైన నోసెమా రకము ఈగకు విరేచనములు కలిగించును. పెట్టె ముఖద్వారమున మరకలు చూచి యజమాని జాగ్రత్తపడెడివాడు. ఇప్పుడు లోకమంతట వ్యాపించిన రకము సామాన్యముగా ఆ మరకలను కూడ వదలదు. పెంపకందారు ఒకనాడు మూత తీసి చూచును. రాణి యుండును, గుప్పెడు ఈగలుండును, తక్కినవి యుండవు. "ఈగలు లేచిపోయినవి" అని యతడు నిట్టూర్చును. నీ నిర్లక్ష్యమువలననే పోయినవని అతనినే తప్పుపట్టుట ఇతరులకు మిక్కిలి సులభము. అప్పుచేసి పెట్టె తెచ్చుకొన్నవాని కా మాట పుండుమీద కారము కాదా?

ఈ తెగులు వ్యాపించిన తీరు కథవలె విననగును. జర్మనీ దేశమున ఎనాక్ జాండర్ అను పండితుడు 1909లో ఐరోపా తేనెటీగలో ఒక నోసెమాను కనుగొనెను. అంతకు ముందే, 1906 మొదలుకొని, ఇంగ్లాండునకు దక్షిణమున నున్న వైట్ ద్వీపములో తేనెటీగలు ప్రబలముగా చావజొచ్చెను. దానికి కారణము నోసెమాయే యని 1912లో తీర్పు చెప్పిరి. 1921లో ఆ తీర్పును త్రోసిపుచ్చి ఈగల శ్వాసనాళములలోని యొక సూక్ష్మమైన పురుగుమీద నేరము మోపిరి. తరువాతి కాలమున ఆ నిర్ణయము కూడ సందేహాస్పదమై, వైరసు పేరు వినవచ్చెను. ఏదైన యుపద్రవము తటస్థించినప్పుడు మొదట చిక్కినవానినే దొంగ యనుట పండితులకును తప్పలేదు. పత్రికలవారిమి మేమును ఈ దోషమునకు దూరులము కాము. కనుక ఈగల మరణమున కంతటికిని ఈ బూజే కారణమని మేము చెప్పబోము.

1996లో చైనా రాజధాని బీజింగు సమీపమున, ఆసియా ఖండపు తేనెటీగలో, అనగా మన పుట్టతేనె ఈగ జాతిలో, మఱియొక నోసెమాను కనుగొనిరి. ఆ ఈగ శాస్త్రనామమును బట్టి దానికి నోసెమా సెరానే యని పేరు పెట్టిరి. ఇది తూర్పుదేశపు ఈగకు మాత్రమే పరిమితమైన తెగులని నాడు తలచిరి. పదియేండ్లు గడవకముందే తైవానులోను, స్పెయినులోను ఐరోపా ఈగలో నదే బూజు కనబడెను. పిమ్మట పండితులు తమ బీరువాలలో దాచియుంచిన పాత ఈగలను వెలికిదీసి పరీక్షింపగా, అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1995 నాటికే, ఫిన్లాండులో 1998 నాటికే అది యున్నట్లు తేలినది. అనగా, ఇది తూర్పుదేశమునకే పరిమితమని వ్రాసికొనుచుండగనే అది సముద్రములు దాటియుండెను! అమెరికావారు విదేశీ తేనెటీగల దిగుమతిని 1922లోనే చట్టము చేసి నిరోధించిరి. రేవువద్ద తలుపు మూసిరి గాని, ఇంటిలోపల దీపము పట్టుకొని చూచువారు లేకపోయిరి. రెండు నోసెమాల బీజములు చూపున కించుమించుగా నొక్కటియే. జన్యుపరీక్ష చేసిననే గాని వాని భేదము రూఢిగా తెలియదు.

ఐరోపా ఈగను మనుష్యుడు తేనెకై ఖండఖండాంతరములకు మోసికొని పోయినాడు. ఆసియాలో ఆ ఈగయు మన ఈగయు నొకే పూవుమీద వ్రాలినవి. వరోవా పురుగు ఈ విధముననే మన ఈగనుండి దానికి సంక్రమించినది. నోసెమా సెరానే కూడ నట్లే సంక్రమించియుండునని పెక్కుమంది శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఆ తరువాత అమ్మిన రాణీగలతో, ఈగల గుంపులతో, పాత పెట్టెలతో అది ప్రయాణము చేసినది. అది తనంతట ఎగురలేదు. మన సరకు రవాణాయే దానికి రెక్కలు. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో అడవిలో బ్రదుకు తుమ్మెదజాతి ఈగలలో సయితము 2009 నాటికి దీనిని గుర్తించిరి. పెంపుడు పెట్టెలో ప్రారంభమైనది పెట్టెలోనే నిలిచియుండదనుటకు ఇది నిదర్శనము.

దీనివలన కలుగు నష్ట మెంత యనుటలో పండితులలో ఏకాభిప్రాయము లేదు. స్పెయిను పరిశోధకులు 2008లో ప్రకటించిన వ్యాసములో, బాహ్యలక్షణము లేమియు లేకుండ చాలకాలము సాగి, రాణి ఎక్కువగా గ్రుడ్లుపెట్టి లోటును కప్పిపుచ్చుచుండగా, చివరకు గూడు ఒక్కసారిగా కూలిపోవునని వ్రాసిరి. జర్మనీ పరిశోధకులు ఏండ్లతరబడి గూళ్లను గమనించి, తమ ప్రాంతమున ఈ బూజునకును గూళ్ల మరణమునకును సంబంధము కానరాలేదని 2010లో ప్రకటించిరి. ఇరువురును సత్యమే చెప్పియుందురని మా విశ్వాసము. ఏలయన, ఈ క్రొత్త రకపు బీజము గడ్డకట్టు చలిలో త్వరగా సత్తువ కోల్పోవును గాని 60 డిగ్రీల వేడిని సయితము తట్టుకొనగలదు. జర్మనీ శీతకాలము దాని కొక మందు. మన దేశమున అట్టి శీతకాల మెచ్చట? ఇదిగాక, కొన్ని పురుగుమందులు స్వల్పమాత్రమున ఈగ కడుపులో పడినను, బూజుతో చేరినప్పుడు చావు హెచ్చునని ఫ్రాన్సు పరిశోధకులు చూపియున్నారు. ప్రత్తికిని మిరపకును మనము చల్లు మందుల సంగతి పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. జర్మనీవారి ఫలితమును చూపి మన అధికారులు నిద్రించుటకు వీలులేదు.

మందు లేదా యని కొంద ఱడుగవచ్చును. ఒక బూజునుండి తీసిన ఫ్యుమాజిలిన్ అను మందును 1950 తరువాత పలు దేశములలో చక్కెరపాకముతో కలిపి ఈగలకు త్రాగించుచు వచ్చిరి. పాత నోసెమాపై అది చక్కగా పనిచేసినది. కాని 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన వేఱొక మాట చెప్పుచున్నది. గూటిలో మందు క్రమముగా పలుచబడుచుండగా, క్రొత్త రకము తొందరగా దాని యదుపునుండి తప్పించుకొని, మందు పెట్టని ఈగలలోకంటె నెక్కువగా పెరిగినదట! ఐరోపా సమాఖ్య దేశములలో తేనెపెట్టెలలో దీని వాడుకకు అనుమతియే లేదు. తేనెలో మందు శేషము నిలుచునను భయ మొకటి, మందు తిన్న శత్రువు బలియుట మఱియొకటి. కావున మందుచేత గాక మెలకువచేత ఈ తెగులును జయింపవలెను. అట్లు జయించిన చరిత్ర మనకు దూరమున లేదు.

నోసెమా యను పేరు మొదట పుట్టినది తేనెటీగనుబట్టి కాదు, పట్టుపురుగునుబట్టి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఫ్రాన్సు దేశపు పట్టుపురుగులకు పెబ్రిన్ అను తెగులు తగిలి ఆ పరిశ్రమ సర్వనాశనమగు స్థితికి వచ్చెను. మిరియపు పొడి చల్లినట్లు పురుగు ఒంటిపై నల్లని చుక్కలు కనబడుటచే దాని కా పేరు వచ్చినది. 1857లో ఆ సూక్ష్మజీవికి నోసెమా బాంబిసిస్ అని నామకరణ మైనది. ఫ్రెంచి ప్రభుత్వమువారు 1865లో లూయీ పాశ్చరును ఆలే ప్రాంతమునకు పంపిరి. ఆయన అంతవఱకు పట్టుపురుగును చేతపట్టి చూచినవాడు కాడు. అయిదేండ్లు అచ్చట శ్రమించి ఆయన కనిపెట్టిన యుపాయము మందు కాదు, మంత్రము కాదు. గ్రుడ్లు పెట్టిన ప్రతి తల్లి రెక్కలపురుగును విడిగా నుంచి, పిదప దానిని నూరి, ఆ రసపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూచుట. బీజము కనబడిన తల్లి గ్రుడ్లను తగులబెట్టుట. ఇంతమాత్రమే. ఈ చిన్న పనియే ఆ పరిశ్రమకు ప్రాణము పోసినది.

ఆ పని నేటికిని మన దేశమున జరుగుచున్నది. మల్బరీ పట్టు ఉత్పత్తిలో కర్ణాటకము తరువాత ఆంధ్రప్రదేశమే నిలిచియున్నది. హిందూపురము, మదనపల్లె ప్రాంతముల రైతు "రోగరహిత గ్రుడ్లు" అని వ్రాసియున్న అట్టనే కొనును. పరీక్ష లేని గ్రుడ్లను ఇంటిలోనికి రానీయడు. విత్తనోత్పత్తి కేంద్రములలో ఈ బీజమును గుర్తుపట్టుటయే వృత్తిగా గలవారు సూక్ష్మదర్శినికి కన్నానించి కూర్చుండియుందురు. పట్టు విత్తనముల నాణ్యతకై 2006లో కేంద్ర పట్టు బోర్డు చట్టమును సవరించిరి కూడ. ఒకే వంశపు శత్రువు. ఒకే విధమైన బీజము. చూచుటకు ఒకే పరికరము. పట్టుపురుగు గ్రుడ్డునకు గల రక్షణ తేనెటీగ పెట్టెకు ఏల యుండరాదని మేము ప్రశ్నించుచున్నాము.

తేనెటీగ పరీక్ష ఇంకను సులభము. పెట్టె ద్వారమువద్ద మేతనుండి తిరిగివచ్చు ముదురు ఈగలను అరువది వఱకు పట్టుకొని, వాని పొట్టలను కొలతగా నీటిలో నూరి, ఒక్క చుక్కను నాలుగు వందల రెట్లు పెద్దదిగా చూపు సూక్ష్మదర్శినిలో చూచినచో చాలును. లోపలి లేత ఈగలను పట్టినచో తెగులున్నను కనబడకపోవచ్చును, ముదురువానినే పట్టవలెను. బీజములను లెక్కించు గీతల పలక రక్తపరీక్షాశాలలలో నుండునదే. జాతీయ పథకములో తెగుళ్ల నిర్ణయశాలలకు చోటు కల్పించిన మాట నిజము. అందులకు మేము సంతోషించుచున్నాము. కాని ఎచ్చటనో యొక పట్టణములో గొప్ప ప్రయోగశాల యుండుట వేఱు, పెట్టె చేతులు మారుచోట పరీక్ష జరుగుట వేఱు. పాడేరు కొండలలోని గిరిజనుడు చచ్చిన ఈగలను పొట్లముగట్టి ఎచ్చటికి పంపును?

దక్షిణదేశమునకు ఈ యుపేక్ష ఖరీదు బాగుగా తెలిసియుండవలెను. 1991-92లో పిల్లపురుగులను తిత్తివలె నీరుపట్టించి చంపు వైరసు తెగులొకటి వచ్చి, దక్షిణాదిన పెట్టెలలో పెంచు మన పుట్టతేనె ఈగల గూళ్లను నూటికి తొంబదింటికి పైగా తుడిచివేసినది. అది బూజు కాదు. దాని చికిత్స వేఱు, చరిత్ర వేఱు. కాని నాడును రైతు చేతులు ముడుచుకొని చూచుచుండుట తప్ప ఏమియు చేయలేకపోయెను. ఆ నష్టము తరువాతనే పెక్కుచోట్ల పెంపకందారులు ఐరోపా ఈగవైపు మొగ్గిరి. ఆ ఈగ 1962లో నాటి పంజాబు రాష్ట్రపు నగ్రోటాలో స్థిరపడి, క్రమముగా దేశమంతట వ్యాపించినది. తేనె ఎక్కువ యిచ్చును. కాని పూత వెంబడి ప్రయాణము చేయించవలెను. పంజాబు, హర్యానాల పెట్టెలు శీతకాలమున రాజస్థానపు ఆవపూతకు లారీలలో పోవును. వసంతమున బీహారులోని లిచీతోటలకు పలుచోట్లనుండి పెట్టెలు చేరును. వందల పెట్టెలు ఒకే తోటలో దిగినప్పుడు ఒకదాని ఈగ మఱొకదానిలో చొరబడుట, ఒకే కుంటలో నీరు త్రాగుట సహజము. నోసెమా సెరానే మన దేశమునను గుర్తింపబడియే యున్నది.

ఇందులో అడవితేనెపై నాధారపడిన వారి సంగతి కూడ నాలోచింపవలెను. నల్లమలలో చెంచులు కొండతేనె ఈగల పట్టులనుండి తీయు తేనెకు, విశాఖ మన్యమున గిరిజనులు తెచ్చు తేనెకు పెట్టె లేదు, సబ్సిడీ లేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ తేనెను కొనుచున్నది. వారి ఈగలకు తెగులు వచ్చినచో దానిని లెక్కించువారును లేరు, నష్టపరిహార మిచ్చువారును లేరు. కావున అడవి యంచున పెట్టెలు దింపుటకు ముందు పరీక్ష మఱింత యవసరము.

మేము కోరునది స్వల్పము. పంపిణీకై పెట్టెలను సరఫరా చేయు ప్రతివాడును ఆయా గూళ్ల బీజపరీక్ష ఫలితమును పెట్టెతో చేర్చి యియ్యవలెను. ఆ కాగితము లేని పెట్టెకు ప్రభుత్వ ధనము చెల్లింపరాదు. మొదటి పూతకాలములోనే గూడు నశించి, పరీక్షలో తెగులు తేలినచో, నష్టము పుచ్చుకొన్నవానిది కాక యిచ్చినవానిది కావలెను. పెట్టెలు తెచ్చుకొన్నవారు ఏటికొకసారి ఈగలను చూపించుకొనుటకు జిల్లాలలోని కృషి విజ్ఞాన కేంద్రములలో ఏర్పాటుండవలెను. రాయలసీమలో పట్టు విత్తన కేంద్రములలోని నిపుణులచేతనే ఈ పనిని తక్షణమే ప్రారంభింపవచ్చును. వారికి క్రొత్తగా నేర్పవలసినది స్వల్పము. చచ్చిన గూటి పట్టును మఱియొక పెట్టెలో పెట్టరాదనియు, నల్లబడిన పాతపట్టును రెండు మూడేండ్ల కొకసారి కరగించి క్రొత్తది కట్టించుకొనవలెననియు, ఈగలు త్రాగు నీరు ప్రతిదినము మార్చవలెననియు పెట్టెతోపాటే తెలుగులో అచ్చువేసి యియ్యవలెను. కోయ, సవర భాషలు మాటలాడు గూడెములలో నోటిమాటగా చెప్పించవలెను.

తెగులువలన నష్టమెంతయో తేలనిది ఇంత శ్రమ యేల యని కొందఱనవచ్చును. అయిదు పెట్టెలు గల కుటుంబమునకు మూడు పెట్టెలు పోయిన పిమ్మట తేలిన లెక్కతో నేమి పని? పైగా పరీక్ష మొదలిడిననే గాని మన జిల్లాలలో ఈ బూజు ఎంతవఱకు వ్యాపించినదో, ఏ ఋతువున హెచ్చుచున్నదో తెలియుట ఎట్లు? స్పెయిను లెక్కయు జర్మనీ లెక్కయు మన లెక్క కావు. రానున్న పంపిణీలో మొదటి పెట్టె లారీ యెక్కకముందే ఉభయ తెలుగు రాష్ట్రముల ఉద్యానశాఖలవారు ఇందులకు ఉత్తరువు లియ్యవలెనని కోరుచున్నాము. ఆ యుత్తరువు వ్రాయుటకు ఒక పుట చాలును.